జడ్జి జూడీ ముందు నిలబడాలని ఎందుకనిపిస్తుంది?

(ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దలకి, ముందు వరసలో నోటు పుస్తకాలతో కూర్చున్న లా కాలేజీ పిల్లలకి కూడా.

నన్ను కోర్టుల గురించి, మామూలు జనం గురించి మాట్లాడమన్నారు. నేను ఇరవై నాలుగేళ్లుగా ఎక్కువగా ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. చెప్పడానికి చాలా ఉంది. కానీ ఇవాళ అమెరికాలో ఒక టీవీ జడ్జి దగ్గర మొదలుపెడతాను. అక్కణ్ణుంచి మన కోర్టు వరండాలోకి వస్తాను.

కొన్నేళ్ల కిందట మా అమ్మాయి పురుడు పోయడానికి న్యూజెర్సీ వెళ్లాను. మా వియ్యపురాలు గారు కూడా వచ్చారు. సాయంత్రం నాలుగయ్యేసరికి పసిబిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని ఆవిడ టీవీ ముందు కూర్చునేవారు. వచ్చేది 'జడ్జ్ జూడీ'. ఆవిడకి ఇంగ్లీషు అంతగా రాదు. అయినా కళ్లార్పకుండా చూసేవారు. "వదినగారూ, వీడు అబద్ధమాడుతున్నాడు, చూడండి, చేతులు నలుపుకుంటున్నాడు" అనేవారు. రెండు నిమిషాలకి తెర మీద జడ్జి కూడా ఆ మాటే అనేది. భాష రాని మనిషికి కేసు అర్థమైంది. మన కోర్టులో తెలుగు వచ్చిన మనిషికే కేసు అర్థం కాదు. అది నన్ను పొడిచినట్టయింది. అప్పట్నుంచి ఆ షో గురించి దొరికినంతా చదివాను.

ఆ టీవీ జడ్జి అసలు పేరు జుడిత్ షైండ్లిన్. 1942లో బ్రూక్లిన్‌లో పుట్టింది, తండ్రి పళ్ల డాక్టరు. 1965లో లా పాసైంది. 1972 నుంచి న్యూయార్క్ ఫ్యామిలీ కోర్టులో ప్రాసిక్యూటర్. అంటే రోజూ దొంగతనాలు చేసి పట్టుబడ్డ పిల్లలు, దెబ్బలు తిన్న పసివాళ్లు, పిల్లల్ని గాలికొదిలేసిన తల్లిదండ్రులు. 1982లో మేయర్ ఎడ్ కోచ్ ఆవిణ్ణి జడ్జిగా వేశాడు. 1986కల్లా మాన్‌హాటన్ ఫ్యామిలీ కోర్టులో పర్యవేక్షక జడ్జి అయింది. 1993లో ముందు లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఆవిడ మీద పెద్ద కథనం వేసింది, ఆ తర్వాత '60 మినిట్స్' కార్యక్రమం ఆవిడ కోర్టును దేశమంతా చూపించింది. 20,000 కేసులకు పైగా విన్నాక, 1996లో రిటైరై ఆ సెప్టెంబరులోనే టీవీ బెంచి ఎక్కింది. ఇరవై ఐదు సీజన్లు, 2021 దాకా. ఒక దశలో రోజుకు సుమారు కోటిమంది చూశారు. ఓప్రా విన్‌ఫ్రీ షోని కూడా దాటింది.

ఇక్కడ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆవిడ నటి కాదు. ఆ గదమాయింపు, ఆ చూపు, చేతి గడియారం మీద వేలితో కొట్టడం, ఇవన్నీ కెమెరా కోసం నేర్చుకున్నవి కావు. నిజమైన కోర్టులో, చేతిలో అరవై ఫైళ్లు, ఎదురుగా దిక్కులేని పిల్లలు ఉన్నప్పుడు వచ్చిన అలవాట్లు అవి. పక్కన నిలబడే బెయిలిఫ్, అంటే కోర్టులో క్రమం చూసే ఉద్యోగి, బర్డ్ కూడా అంతకుముందు ఆ ఫ్యామిలీ కోర్టులో ఆవిడతో పనిచేసినవాడే.

ఆవిడ కేసుల్లో రెండు చెబుతాను. యూట్యూబ్‌లో చాలామంది చూసే ఉంటారు.

ఒకమ్మాయి పర్సు పోయింది. ఇద్దరు కుర్రాళ్ల మీద కేసు వేసింది. పర్సులో ఏమేమున్నాయని జడ్జి అడిగింది. ఆ అమ్మాయి గిఫ్టు కార్డులు, ఇయర్‌పీసు, కాలిక్యులేటరు అని వరసగా చెబుతోంది. అవతల నిలబడ్డ కుర్రాడు ఉండబట్టలేక, "అందులో ఇయర్‌పీసు లేదండీ" అనేశాడు. అంతే. కేసు అయిపోయింది. మొత్తం ఇరవై ఆరు సెకన్లు పట్టిందని లెక్కగట్టారు. దొంగ తన నోటితోనే దొరికిపోయాడు.

రెండోది కుక్కపిల్ల కేసు. చిన్న తెల్ల కుక్క. నాదంటే నాదని ఇద్దరి గొడవ. కాయితాలేవో చూపిస్తున్నారు. జడ్జి కాయితాలు పక్కన పెట్టి, "దాన్ని కింద వదలండి" అంది. కుక్కను కింద దించీ దించగానే తోక ఊపుకుంటూ పరుగెత్తి ఒకతని కాళ్ల మీదికి ఎగబాకింది. అతను కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. కుక్కను తీసుకుని ఇంటికి పొమ్మని జడ్జి అతనికి చెప్పింది.

ఈ రెండూ వింటుంటే మీకు ఎవరు గుర్తొస్తున్నారు? మర్యాద రామన్న. నలుగురూ కలిసొస్తేనే మూట ఇస్తానన్న అవ్వను వాళ్లలో ఒకడు మోసం చేసి మూట పట్టుకుపోతాడు. మిగతా ముగ్గురూ ఆమె మీద ఫిర్యాదు చేస్తారు. పశువులు కాసుకునే రామన్న, "సరే, మీ షరతు ప్రకారం నాలుగోవాణ్ణి తీసుకురండి, అవ్వ సొమ్ము ఇస్తుంది" అంటాడు. మన జనానికి న్యాయం అంటే ఈ రూపంలోనే ఎప్పటినుంచో తెలుసు. న్యాయం చెప్పేవాడికి లోకజ్ఞానం ఉండాలి, కళ్లెదుట అడగాలి, పొద్దుగూకేలోపు తేల్చాలి. బ్రూక్లిన్‌లో పుట్టినామె మా వియ్యపురాలి కళ్లకు పరాయిది అనిపించకపోవడానికి అదే కారణమని నా నమ్మకం.

ఇప్పుడు పిల్లలు రాసుకోవాల్సిన సంగతి. అది కోర్టు కాదు. లాస్ ఏంజెలెస్‌లో ఒక స్టూడియో. న్యాయశాస్త్రం మాటల్లో చెప్పాలంటే ఆర్బిట్రేషన్, మధ్యవర్తిత్వం. చిన్న మొత్తాల కోర్టులో దావా వేసిన వాదిని, ప్రతివాదిని షో వాళ్లు పిలిచేవారు. ఇద్దరూ ఒప్పందం మీద సంతకం పెట్టేవారు. కోర్టులో ఉన్న దావా ఉపసంహరించుకునేవారు. ఈవిడ చెప్పిందే తుది నిర్ణయం, అప్పీలు లేదు. గరిష్ఠంగా 5,000 డాలర్లు. ఆ డబ్బు ఎవరిచ్చేవారు? ఓడినవాడు కాదు, షో తీసే కంపెనీ. విమానం టిక్కెట్టు, హోటలు ఖర్చు, పైగా వచ్చినందుకు కొంత ఫీజు కూడా వాళ్లదే. వెనక కుర్చీల్లో కూర్చున్న జనం కూడా డబ్బిచ్చి కూర్చోబెట్టినవాళ్లే.

అంటే ఓడినవాడి జేబులోంచి పైసా పోయేది కాదు. పోయేది మర్యాద. కోటిమంది చూస్తుండగా ఆవిడ చేతిలో చీవాట్లు తినడం, అదే శిక్ష. అయినా మనుషులు వచ్చారు. ఇరవై ఐదేళ్లు వస్తూనే ఉన్నారు. డబ్బు కోసం కొందరు వచ్చి ఉండొచ్చు. కానీ ఇంకోటి కూడా ఉందని నేను అనుకుంటున్నాను.

ఆ షోలో ప్లీడర్లు ఉండేవారు కాదు. జడ్జి నేరుగా మనిషి ముఖంలోకి చూసి అడిగేది. ఎంత ఇచ్చావు? ఎప్పుడిచ్చావు? రాసుకున్నారా? ఎందుకు తిరిగివ్వలేదు? ఇంగ్లీషులో ఉన్నా అవి మన అరుగుల మీద అడిగే ప్రశ్నలే.

ఇప్పుడు మన కోర్టుకి రండి. ప్రోనోటు దావా అనుకుందాం. పొద్దున్నే బస్సెక్కి వస్తారు. వరండాలో బెంచీలు చాలవు, మెట్ల మీద కూర్చుంటారు. బంట్రోతు గట్టిగా పేరు పిలుస్తాడు, పక్కనే ఇంకో కోర్టులో ఇంకో పేరు పిలుస్తుంటారు, సగం మందికి వినపడదు. మేము లోపలికెళ్లి ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడతాం. వాయిదా పడుతుంది. బయటికొచ్చి "ఏమైందమ్మా?" అంటే "వచ్చే నెల పద్దెనిమిది" అంటాం. ఇన్ని వాయిదాల తర్వాత ఒకరోజు సాక్ష్యం చెప్పడానికి బోనెక్కితే, ఆయన తెలుగులో చెబుతాడు, అది ఇంగ్లీషులో టైపవుతుంది, దాని కింద ఆయన వేలిముద్రో సంతకమో. తన కథ తనకే చదవడం రాని భాషలో ఉంటుంది. చివరికి డిక్రీ వచ్చిందనుకోండి, డబ్బు వచ్చినట్టు కాదు. ఈపీ, అంటే ఆ డిక్రీని అమలు చేయించమని ఇంకో పిటిషను, వేయాలి. కొన్నిసార్లు దావాకన్నా ఈపీ ఎక్కువ కాలం నడుస్తుంది. దేశమంతా కలిపి 5 కోట్లకు పైగా కేసులు పెండింగులో ఉన్నాయి. ఆ అంకె ఎంత పెద్దదో నాకు మెట్ల మీద కూర్చున్నవాళ్లని చూసినప్పుడే తెలుస్తుంది.

కాబట్టి టీవీ జడ్జిని చూసి జనం చప్పట్లు కొడితే వాళ్లని తప్పుపట్టను. ఆకలితో ఉన్నవాడు హోటలు బయట నిలబడి వాసన పీలిస్తే తప్పేముంది? అమెరికాలో కూడా ఇదే. జూడీ కంటే ముందు 1981లో 'ది పీపుల్స్ కోర్ట్' మొదలైంది. రిటైరైన జడ్జి జోసెఫ్ వాప్నర్ అందులో కూర్చున్నాడు. 1989లో వాషింగ్టన్ పోస్ట్ ఒక సర్వే చేస్తే 54 శాతం మందికి వాప్నర్ ఎవరో తెలుసు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పేరు 9 శాతం మందికే తెలుసు. 1997లో అదే షోను మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరనుకున్నారు? జూడీని జడ్జిగా వేసిన మేయర్ ఎడ్ కోచే. ఆయన తర్వాత ఆవిడ భర్త జెర్రీ షైండ్లిన్, ఆయనా జడ్జే. ఇక ఆవిడ సంపాదన అంటారా, ఏడాదికి 52 రోజుల షూటింగుకి 4 కోట్ల 70 లక్షల డాలర్లు వచ్చేవి. 2021లో అమెరికా ప్రధాన న్యాయమూర్తి జీతం 2,80,500 డాలర్లు. దీని గురించి ఇంతకంటే చెప్పను.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆవిడ పదే పదే అనే ఒక మాట. "పొంతన లేని మాట నిజం కాదు." అతకని కథ ఉందంటే అబద్ధమన్నట్టే అని ఆవిడ లెక్క. వినగానే ఎంత బావుందనిపిస్తుంది. ప్రోనోటు కేసులో, పర్సు కేసులో, పగిలిన కారు అద్దం కేసులో అది పనికొస్తుంది కూడా. నేనూ క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ ఆయుధం వాడతాను.

కానీ నా ఆఫీసులో ఆ కుర్చీలో కూర్చున్న ఆడవాళ్ల కథలు ఎన్ని సార్లు పొంతన లేకుండా ఉంటాయో చెప్పనా? ఒకామె భర్త కొట్టాడని పోలీసు స్టేషన్‌కి వెళ్లి కంప్లయింటు ఇచ్చింది. రెండు వారాల తర్వాత తన మెడలోని నల్లపూసల గొలుసు తీసి అదే భర్తకి ఇచ్చింది, తాకట్టు పెట్టుకోమని. అవతలి ప్లీడరు సరిగ్గా ఇదే అడిగాడు. కొట్టినవాడికి బంగారం ఎందుకిచ్చావమ్మా? ఆమె నోరు పెగల్లేదు. ఆ రాత్రి నన్ను అడిగింది, "మేడం, పిల్లాడి ఫీజు కట్టకపోతే పరీక్ష రాయనివ్వం అన్నారు. ఆయనే కట్టాలి. ఇంకెవరికి ఇవ్వను?" ఇరవై ఆరు సెకన్లలో ఆ జవాబు రాదు. అది అర్థం కావడానికి నాకే మూడు నెలలు పట్టింది. పేదరికంలో, భయంలో బతికేవాళ్ల నిజానికి చాలాసార్లు పొంతన ఉండదు. పొంతన కుదిరేలా బతకడానికి కాస్త డబ్బుండాలి, వెళ్లడానికి ఇంకో ఇల్లుండాలి. నలుగురు నవ్వుతుండగా "మరి అక్కడే ఎందుకున్నావ్?" అని గద్దిస్తే ఆ ఆడమనిషి అబద్ధాలకోరులాగే కనిపిస్తుంది.

ఆవిడ కఠినంగా ఉంటుందని కాదు నా బాధ. మా కోర్టుల్లో కఠినమైన జడ్జిలను నేను చూశాను, గౌరవించాను కూడా. గద్దించే జడ్జి ఎదుట మనిషి చెప్పగలిగినంత చెప్పనివ్వడం ఒకటి. గద్దింపే కార్యక్రమం కావడం ఇంకోటి.

ఆవిడ తీర్పునూ ఒకసారి కొట్టేశారు. 2000లో బ్రూక్లిన్ ఫ్యామిలీ కోర్టు. ఆస్తి తగాదా కోసం వచ్చిన ఒక జంట కేసులో ఆవిడ పిల్లల సంరక్షణ, పిల్లల్ని చూడటానికి వెళ్లే హక్కు కూడా తేల్చేసింది. సంతకం పెట్టిన ఒప్పందంలో ఆ సంగతే లేదు, మీ పరిధి దాటారని కోర్టు ఆ భాగాన్ని చెల్లదంది. పిల్లలు, మీరు ఇది బాగా గుర్తుంచుకోండి. మధ్యవర్తి అధికారం ఇద్దరి సంతకాలలోంచి వస్తుంది. పసిబిడ్డ ఏ కాయితం మీదా సంతకం పెట్టలేదు.

మన దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా ఇక్కడే తలకిందులైంది. 2008లో కిరణ్ బేడీ గారు స్టార్ ప్లస్‌లో 'ఆప్ కీ కచేరీ' అనే ఇలాంటి కార్యక్రమం చేశారు. ఆ తర్వాత తెలుగులో, తమిళంలో ఇలాంటివి వచ్చాయి. తమిళంలో ఒకదాని ప్రసారాన్ని 2018లో మద్రాసు హైకోర్టు మధురై బెంచి కొన్నాళ్లు ఆపింది. అమెరికా వాళ్లు టీవీకి ఎక్కువగా తెచ్చింది ఇంటి అద్దె, అప్పు, కుక్క కరిచింది అని. మనం నేరుగా పడగ్గదిని తెచ్చాం. ఎవరు ఎవరితో ఉంటున్నారు, ఆ బిడ్డ ఎవరి బిడ్డ. హిందూ వివాహ చట్టం 22వ సెక్షను ఏమంటుంది? ఆ చట్టం కింద నడిచే విచారణ తలుపులు మూసి జరపాలి, దాని వివరాలు ఎవరూ అచ్చువేయకూడదు, ప్రచురించకూడదు. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులకు కూడా ముందుగా కోర్టు అనుమతి కావాలి. ఆ తలుపు ఎందుకు మూశారో చట్టం రాసినవాళ్లకి తెలుసు. స్టూడియో కోర్టు కాదు కాబట్టి ఆ సెక్షను దానికి నేరుగా తగలదని వాదించొచ్చు. కానీ మూసిన తలుపు వెనక జరగాల్సిన మాటలే అవి.

నా దగ్గరకి ఒక క్లయింటు వచ్చింది, పన్నెండేళ్లయింది. పేరు, ఊరు, ఆమె వెళ్లిన కార్యక్రమం చెప్పను. అక్కడ భర్తను బాగా తిట్టారు. చూసేవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ తిట్టు వల్ల ఆమెకు భరణం రాలేదు, గది అద్దె రాలేదు. ఆ వీడియో మాత్రం అలాగే ఉండిపోయింది. కూతురు తొమ్మిదో తరగతిలో ఉండగా బళ్లో ఎవరో ఫోనులో చూపించారు. ఆ పిల్ల నెల రోజులు బడి మానేసింది. నాకు కోపం ఆగక, "ఎందుకెళ్లావమ్మా అక్కడికి?" అని అడిగాను. ఆమె ఏడవలేదు. "అక్కడ నన్ను అడిగారు మేడం. నేను చెప్పేది అయ్యేదాకా విన్నారు. కోర్టుకి ఎన్నిసార్లొచ్చానో, జడ్జిగారు నా మొహం కూడా చూళ్లేదు" అంది.

ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఎవరూ నన్ను ఇంత గట్టిగా తప్పుపట్టలేదు. ఆమె కోర్టునే అన్నట్టున్నా, అందులో నేనూ ఉన్నాను. వాయిదా రోజున లోపలికి రానవసరం లేదు, బయటే కూర్చో అని చెప్పింది నేనే. ఆ రోజు నుంచి నా క్లయింటు నా పక్కన నిలబడతారు, బయట కాదు. ఏం మాట్లాడానో అక్కడికక్కడే తెలుగులో చెబుతాను. ముందు వరసలో ఉన్న పిల్లలు రేపు కోటు వేసుకున్నాక కనీసం ఈ ఒక్కటీ చేయండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

జడ్జిలు కూడా మారుతున్నారు, నేను చూస్తున్నాను. మొన్న ఒక శనివారం లోక్ అదాలత్. మీకు తెలుసు, లోక్ అదాలత్‌లో ఇద్దరూ ఒప్పుకుంటేనే అవార్డు, అంటే తీర్పు, ఇస్తారు. అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు, వాది కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. నా క్లయింటు డెబ్భై దాటిన రైతు, ప్రతివాది. నోటు మీద అరవై వేలు ఉంది. మేము కోర్టుకిచ్చిన జవాబులో సంతకం ఫోర్జరీ అని రాశాం. చాలామంది అలాగే రాస్తారు, నేనూ రాశాను.

జడ్జిగారు చిన్నమ్మాయి, కొత్తగా వచ్చింది. ఫైలు మూసేసి, ఆయన్ను దగ్గరికి పిలిచి కుర్చీ వేయించింది. నోటు ఆయన చేతికిచ్చి, "పెద్దాయనా, ఈ సంతకం మీదేనా?" అంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. నాకు టెన్షన్. "నాదేనమ్మా" అన్నాడు. "కానీ ముప్ఫై వేలే ఇచ్చాడు. ఇంటావిడ ఆపరేషనుకి తీసుకున్నా. అరవై రాస్తేనే ఇస్తానన్నాడు." అప్పు ఇచ్చినాయన ఎదురుగా ఉన్నాడు. జడ్జి ఆయన వైపు తిరిగింది. తిట్టలేదు. ఊరికే చూస్తూ ఉంది. ఆయన తల వంచుకున్నాడు.

నలభై వేలు నాలుగు వాయిదాల్లో కట్టేలా రాజీ అయింది. రైతు తన జేబులోంచే కట్టాలి, ఏ కంపెనీ కట్టదు. ఆ మొదటి పదివేలకి ఆయన గేదెను అమ్మాడని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం కోర్టు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర కనబడ్డ ప్రతివాణ్ణీ ఆపి చెబుతున్నాడు, "జడ్జిగారు నన్నే అడిగింది. కుర్చీ వేయించి మరీ నన్నే అడిగింది."